పర్లేదు అనే మాట, థోరా బ్రెక్కె పోస్టాఫీసు

ఓర్ఫా డాలెన్ కుడివైపు సీట్లో కూర్చుని కారు నడిపేది. స్టీరింగు మాత్రం అమెరికాలో అందరి కార్లలాగే ఎడమవైపే ఉండేది. ఎడంచేయి చాచి దాన్ని పట్టుకునేది, ఎడంకాలు చాచి బ్రేకు తొక్కేది, కుడిచేత్తో రోడ్డు పక్క టపా పెట్టెల్లో ఉత్తరాలు వేసుకుంటూ పోయేది. మా స్కోగ్‌దాల్ చుట్టూ కొండగట్ల మీద ఉన్న పాడి రైతుల ఇళ్లన్నిటికీ ఆమే పోస్టు మనిషి. చిన్నప్పుడు మేం బడి బస్సు కోసం నిలబడి ఉంటే, డ్రైవరు సీటు ఖాళీగా ఉన్న కారు పొగమంచులోంచి మా వైపు వచ్చేది. దాన్ని చూసి మేమెవరం ఆశ్చర్యపోయేవాళ్లం కాదు. పోస్టు కారంటే అలాగే ఉంటుందనుకునేవాళ్లం. యూనివర్సిటీకి వెళ్లాక ఈ సంగతి చెబితే నా స్నేహితురాళ్లు నమ్మలేదు.

వాళ్లు నమ్మని ఇంకో సంగతి "పర్లేదు".

మా ఊళ్లో ఎవరూ ఎవరినీ పొగడరు. నార్వే నుంచి మూటాముల్లె సర్దుకుని విస్కాన్సిన్ కొండల్లోకి వచ్చిన మా ముత్తాతలు పొగడ్తల మూట ఒక్కటీ ఓడలోనే మర్చిపోయి ఉంటారు. మొక్కజొన్న విరగబండితే పర్లేదు. పెళ్లికూతురు చూడముచ్చటగా ఉంటే పర్లేదు. గుండె ఆపరేషనయ్యి బతికి బయటపడ్డవాణ్ణి ఎలా ఉందంటే, పర్లేదు. "చాలా బాగుంది" అని ఎవరైనా అంటే వాడేదో అమ్మడానికొచ్చాడని తలుపు వేసుకుంటాం. అయితే ఈ పర్లేదులో మెట్లున్నాయి. అడగ్గానే అంటే అది మర్యాద. కాస్త ఆగి అంటే మెప్పు. చాలాసేపు ఆగి, కిటికీలోంచి బయటికి చూసి, ఆ తర్వాత అంటే మాత్రం అంతకంటే పైన ఇంకేమీ లేదు. అలాంటిది ఒకటి దక్కితే జీవితాంతం గుర్తుంచుకుంటారు.

నాకూ ఒకటి దక్కింది, నా కొడుకు పేరు మీద. నెల్స్ నెలలు నిండకుండా పుట్టాడు. ఇంటికి తెచ్చాక కూడా వాణ్ణి పొద్దునా సాయంత్రం తూచేదాన్ని. జున్ను ఫ్యాక్టరీ ల్యాబులో పాలు పరీక్షించడం నా పని. అంకె కనిపించకపోతే నాకు స్థిమితం ఉండదు, కనిపిస్తే అసలే ఉండదు. అప్పటికి రిటైరయిన ఓర్ఫా, లెఫ్సె రొట్టెల డబ్బా పట్టుకుని వచ్చింది. బిడ్డని ఎత్తుకోలేదు. వంగి చూసింది. లేచి కిటికీలోంచి మా కొట్టాన్నీ దాని వెనక గట్టునీ చూసింది. అంతసేపు ఎవరైనా చూడ్డం నేనెరగను.

"పర్లేదు" అంది.

వంటింట్లో మా అత్తగారు గిన్నెలు తుడిచే గుడ్డతో కళ్లు ఒత్తుకుంది. ఆ రోజు నాకు నిద్ర పట్టింది.

ఓర్ఫాకి ఆ ఉద్యోగం తేనెటీగల వల్ల వచ్చింది, థోరా బ్రెక్కె వల్ల కూడా. మా ఊళ్లో ఇది అందరికీ తెలుసు, ఎందుకంటే మూడు కప్పుల కాఫీ తర్వాత ఓర్ఫా చెప్పే కథ ఇదొక్కటే.

ఓర్ఫా, థోరా ఒకే గట్టు మీద పక్కపక్క పొలాల్లో పుట్టారు, ఒకే గది బడిలో ఒకే బల్ల మీద కూర్చున్నారు. థోరా పొడుగు, ఓర్ఫా పొట్టి. అప్పట్లో పోస్టాఫీసు కిరాణా కొట్టు వెనక గదిలో ఉండేది. పోస్టుమాస్టరు హాల్వర్ రూడ్. వసంతంలో ఇప్పటిలాగే అప్పుడూ కోడిపిల్లలు, తేనెటీగలు టపాలోనే వచ్చేవి. కోడిపిల్లల అట్టపెట్టెలు కిచకిచలాడుతుంటే, తేనెటీగల జల్లెడ పెట్టెలు పక్కన గుయ్యిమంటూ ఉండేవి. ఒక ఏడు అలా వచ్చిన తేనెటీగల పెట్టెకి జల్లెడ చిరిగింది. హాల్వర్ దాన్ని ఎత్తగానే గదంతా ఈగలే. హాల్వర్ గల్లా మీదనుంచి దూకి పరిగెత్తాడు. ఆయన అంతకుముందు కానీ ఆ తర్వాత కానీ పరిగెత్తగా ఎవరూ చూడలేదు. పిండి కొనడానికొచ్చిన వాళ్లు పిండి వదిలి పారిపోయారు.

కోడిపిల్లల కోసం వచ్చిన ఈ ఇద్దరు ఆడపిల్లలూ గుమ్మంలో మిగిలారు. పదహారేళ్ల వయసు.

"పారిపోదామే!" అంది ఓర్ఫా.

"పరిగెడితే కుడతాయి. మెల్లిగా నిలబడు."

"నిలబడ్డంలో మెల్లిగా ఏంటే?"

"ఊపిరి మెల్లిగా తియ్యవే బాబూ. తలుపు పట్టుకో, గాలికి కొట్టుకోనివ్వకు."

థోరా ఈగల మధ్యకి నడిచింది. పెట్టెలో చెయ్యి పెట్టి, రాణీగ ఉండే చిన్న పంజరం బయటికి తీసింది. దాన్ని ఖాళీ పీచ్ పండ్ల పెట్టెలో ఉంచి ఓ పక్కన కూర్చుంది. కిటికీ అద్దం మీదా, తూకం రాళ్ల మీదా, హాల్వర్ టోపీ మీదా వాలిన ఈగలు ఒక్కొక్కటే లేచి, బడి గంట కొట్టినట్టు వరుసకట్టి ఆ పండ్ల పెట్టెలోకి నడిచి వెళ్లాయట. థోరా చెవి ఆ పెట్టెకి ఆనించి వింటూ కూర్చుంది. "స్వరం మారిందే ఓర్ఫా. ఇందాక ఏడ్చాయి, ఇప్పుడు కుదుటపడ్డాయి" అంది.

హాల్వర్ తిరిగొచ్చి చూసేసరికి తలుపు పట్టుకుని ఓర్ఫా అలాగే నిలబడి ఉంది.

"నువ్వు పారిపోలేదేం?" అన్నాడు.

"ఇది పోనివ్వలేదు" అంది ఓర్ఫా, థోరాని చూపించి.

హాల్వర్ సగం మాటే విన్నాడు. పారిపోని పిల్ల అని బడి అవ్వగానే ఓర్ఫాని పనిలోకి తీసుకున్నాడు. థోరా యూనివర్సిటీకి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఓర్ఫా జీవితమంతా మా గట్ల మీద రోడ్లే. వసంతంలో పక్క సీట్లో గుయ్యిమనే పెట్టెలు, శీతాకాలంలో టపా పెట్టెల మీది మంచు దులపడానికి చీపురు. ముసలివాళ్లు పెట్టె తలుపు తెరిచి ఉంచితే కిటికీలోకి తొంగిచూసి పలకరించేది. పెట్టెలో నిన్నటి పేపరు అలాగే ఉంటే దిగి తలుపు కొట్టేది. పెళ్లి చేసుకుంది, ఇద్దర్ని కంది, భర్త పోయాడు. ఒక్క రోజూ తేనెటీగ కుట్టలేదని చెప్పుకునేది. గట్టు మీద ఆవుల్నీ తేనెటీగల్నీ పెంచే వెర్లిన్ మాత్రం నమ్మేవాడు కాదు.

థోరా పెద్ద శాస్త్రవేత్త అయింది. చలికాలంలో తేనెటీగలు రాణీగ చుట్టూ ముద్దగా చేరి, రెక్కలు కదపకుండా రెక్కల కండరాలు మాత్రం వణికిస్తూ వేడి పుట్టిస్తాయి. ఆ వణుకు శబ్దం బయటికి సన్నగా వినిపిస్తుంది. ఏ స్వరంలో ఉంటే ఆ పట్టు వసంతం దాకా బతుకుతుంది, ఏ స్వరంలో ఉంటే తిండి చాలక చస్తోంది, అదంతా థోరా తన జీవితకాలం విని, కొలిచి, పుస్తకాలకెక్కించింది. ఆమె పద్ధతి తెలిశాక మంచు కురిసే చోట్ల తేనెటీగలు పెంచేవాళ్లు గడ్డకట్టే చలిలో పెట్టెకి చెవి ఆనించి, కావాల్సిన దానికి చక్కెర పెట్టి బతికించుకున్నారు. నేను తేనెటీగల మనిషిని కాను. కానీ నెల్స్‌కి గొంతు పట్టి కుక్కపిల్లలా దగ్గినప్పుడు వాడి వీపుకి చెవి ఆనించి కూర్చుంటే, నాకు ఆవిడే గుర్తొచ్చేది.

థోరా చనిపోయిన ఏడాది శీతాకాలంలో, ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక, చర్చి నేలమాళిగలో అందరం కాఫీ తాగుతున్నాం. ఓర్ఫా కప్పు కింద పెట్టింది.

"మన పోస్టాఫీసుకి థోరా పేరు పెడితే ఎవరికైనా ఇబ్బందా?"

ఎప్పుడూ ఎవర్నీ ఏమీ అడగని మనిషి. అది మా ఊళ్లో బల్లెక్కి అరిచినంత పని.

"పోస్టాఫీసుకి పేరుందిగా" అన్నాడు వెర్లిన్. "పోస్టాఫీసు."

"నది అవతలి ఊళ్లో వాళ్లదానికి ఒక సైనికుడి పేరు పెట్టుకున్నారు. మన ప్రతినిధి వాషింగ్టన్‌లో బిల్లు పెడితే అవుతుందట."

"ఊరి పేరు మారిపోతుందేమిటే?" కాఫీ కూజా పట్టుకుని బెర్నెట్ గాభరా పడింది. చర్చి వంటిల్లు ఆమె చేతిలో ఉంటుంది. "మా కొత్త కవర్ల మీద చిరునామా అచ్చు వేయించి నెలైనా కాలేదు."

"చిరునామా మారదు. గోడ మీద పలక ఒక్కటే."

"పెద్ద పలకా?"

"చిన్నదే."

"అయితే పర్లేదు" అంది బెర్నెట్. ఊరు ఒప్పుకున్నట్టే.

ప్రతినిధి ఆఫీసు వాళ్లు ఊరివాళ్ల అభిప్రాయాలు రాసి పంపమన్నారు. కంప్యూటరు ఉన్నదాన్ని కాబట్టి పోగుచేసే పని నాకు పడింది. ఓర్ఫా ఇలా రాసింది: "థోరా బ్రెక్కె నాకు తెలుసు. ఆమె పని పర్లేదు." వెర్లిన్: "తేనెటీగల గురించి ఆమెకి కొంత తెలుసు." బెర్నెట్: "కుటుంబం మంచిది. వాళ్లమ్మ కాఫీ పల్చగా పెట్టేది కాదు." మా పాస్టరు: "ఈమె మీద ఫిర్యాదులేవీ మా చెవిన పడలేదు." నేను నాలుగు ముక్కలు చదువుకున్నాను కదా అని గొప్పగా రాద్దామని కూర్చున్నాను. పంపాక చూసుకుంటే "ఈమె పరిశోధన ఉపయోగంగానే ఉంది" అని ఉంది.

కొన్నాళ్లకి ప్రతినిధి ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. డెవన్ అనే కుర్రాడు. నగరంలో పుట్టి పెరిగిన మర్యాద గొంతు.

"మేడమ్, మీరేం అనుకోకపోతే ఒకటి అడగొచ్చా? మీ ఊళ్లో ఈవిడంటే అందరికీ కోపమా?"

"కోపమా? ఎందుకూ?"

"ఉత్తరాలు చదివాను. ఒక పెద్దాయన 'కొంత తెలుసు' అని రాశారు. పాస్టరు గారేమో ఫిర్యాదు లేదంటున్నారు. మా సారు ఈసారికి ఒక్క పోస్టాఫీసే ముందుకు తీసుకెళ్లగలరు. ఇంకో ఊరు వాళ్లు వాళ్ల మనిషి గురించి కన్నీళ్లు పెట్టించేలా రాశారు. మీ ఊరికి ఇష్టం లేదనిపిస్తే మా సారు దీన్ని పక్కన పెట్టేస్తారు."

నాకు నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. "మీరొకసారి మా ఊరు రండి. మా వాళ్లు చెప్తారు" అన్నాను. చెప్తారో లేదో నాకూ తెలీదు.

ఫోను పెట్టేసి, నెల్స్‌ని కారులో వేసుకుని ఓర్ఫా ఇంటికి వెళ్లాను. సంగతంతా విని ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. పొయ్యి మీద కాఫీ పొంగుతున్నా చూసుకోలేదు. నేనే దించాను.

"అదీ ఇలాగే అంది" అంది చివరికి.

"ఎవరు?"

"థోరా. నువ్వప్పటికి చిన్నపిల్లవి, బడి హాల్లో అది ఉపన్యాసం ఇచ్చింది గుర్తుందా?"

గుర్తుంది. కొండగట్ల మీది రైతులంతా బాస్కెట్‌బాల్ హాల్లో చెక్క మెట్ల మీద బూట్లతో కూర్చున్నారు. దీపాలు తగ్గించి, థోరా గారు శీతాకాలపు తేనెపట్టు శబ్దం వినిపించారు. అంత పెద్ద హాలు గుయ్యిమని నిండిపోయింది. దగ్గు రాని పిల్లాడూ లేడు మా ఊళ్లో, కానీ ఆ పూట ఒక్కడూ దగ్గలేదు.

"అయ్యాక బయట కార్ల దగ్గర నిలబడ్డాం. 'ఎలా ఉందే ఓర్ఫా?' అని అడిగింది. నేను మెల్లిగా ఆ గట్టు వైపు చూశాను. బాగా చూశాను. అప్పుడు 'పర్లేదు' అన్నాను. నా దగ్గర అంతకంటే పెద్ద మాట లేదు అమ్మాయ్. అదేమో నవ్వి, 'అంతేనా?' అంది. అని కారెక్కి వెళ్లిపోయింది."

"ఎగతాళికి అనుంటారు."

"నేనూ అలాగే అనుకున్నాను. ప్రతి క్రిస్మస్‌కీ కార్డు రాసేది, నేనూ రాసేదాన్ని. కానీ అదేమో ఏళ్ల తరబడి బయట ఉంది. బయటివాళ్లు దాన్ని నోరారా పొగిడుంటారు. మన మాట మర్చిపోయిందేమో. మర్చిపోతే, దాని ముఖం మీదే నేను దాని పనిని తీసిపారేసినట్టు కాదూ? అడుగుదాం అడుగుదాం అనుకుంటూనే ఉన్నాను. ఇంతలో పోయింది." కప్పు చేతిలోకి తీసుకుంది, తాగలేదు. "పలక మీద దాని పేరుంటే, పొద్దున్నే తలుపు తీసిన ప్రతివాడూ చూస్తాడు కదా అనుకున్నా. అదైనా సరిగ్గా చెప్తుంది కదా అని."

డెవన్ ఒక గురువారం వచ్చాడు. నేలమాళిగ నిండా జనం. మామూలుగా అంతమంది అంత్యక్రియలకే వస్తారు. బెర్నెట్ గుమ్మడికాయ కేకు ముక్కలు పళ్లెం నిండా కోసిపెట్టింది.

"కాఫీ తీసుకోండి బాబూ."

"థాంక్స్ అండీ" అని కుర్రాడు వెంటనే కప్పు అందుకున్నాడు. మా దగ్గర మొదటిసారీ రెండోసారీ వద్దనాలి, మూడోసారి "సరే, కొంచెం" అనాలి. రెండోసారి బతిమాలడానికి సిద్ధంగా ఉన్న బెర్నెట్ నోరు ఆగలేదు. "అబ్బే, మొహమాటపడకండి, కొంచెమే" అంది.

"ఇచ్చేశారుగా అండీ" అన్నాడు డెవన్ కప్పు చూపించి.

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. అతను పుస్తకం తీసి వెర్లిన్‌తో మొదలుపెట్టాడు.

"థోరా గారు ఎలాంటి మనిషండీ?"

వెర్లిన్ బాగా ఆలోచించాడు. "పొడుగు" అన్నాడు.

"అంటే, స్వభావం?"

"ఎవరి జోలికీ వెళ్లేది కాదు."

"ఆవిడ పరిశోధన మీకేమైనా ఉపయోగపడిందా?"

"ఇప్పుడు నా ఈగలు చలికాలం చావట్లేదు."

"ఇదివరకు?"

"చచ్చేవి."

"అన్నీనా?"

"చాలామటుకు."

"మరి అది గొప్ప విషయం కదండీ!"

వెర్లిన్ చెవులు ఎర్రబడ్డాయి. బూట్ల వైపు చూసుకుని, "గొప్ప అని నేనన్లేదు" అన్నాడు.

డెవన్ బెర్నెట్ వైపు తిరిగాడు. "చిన్నప్పుడు ఆదివారం బడిలో నా పక్కనే నిలబడి పాడేది" అంది ఆమె.

"బాగా పాడేవారా?"

"పాడేది. ఎవరూ ఆపమనలేదు."

ఇలా ఒక్కొక్కళ్లూ తమకి చేతనైనంత పొగిడారు. నాకు వినిపిస్తూనే ఉంది, ఆ రోజు ఆ గదిలో థోరా గారిని పొగిడినట్టు మా ఊళ్లో ఎవర్నీ పొగడలేదు. డెవన్‌కి మాత్రం అదేం వినపడట్లేదు. రాయడం ఎప్పుడో మానేశాడు. నేను కల్పించుకుని విడమరిచి చెబుదామనుకున్నాను కానీ, ఊరంతా ఎదురుగా కూర్చుని ఉండగా "వీళ్లు పొగుడుతున్నారండీ" అని చెప్పడం ఎలా? నలుగురిలో బట్టలు విప్పినట్టుంటుంది.

చివరికి అతను ఓర్ఫా ముందు కుర్చీ లాక్కున్నాడు.

"మొదట అడిగింది మీరే కదండీ. చిన్నప్పటి స్నేహితురాలు. మీరైనా చెప్పండి, ఆవిడ ఎలాంటివారో."

నేలమాళిగ కిటికీలు గోడకి పైన ఉంటాయి. వాటిలోంచి మంచూ, కార్ల చక్రాలూ తప్ప ఏమీ కనపడవు. ఓర్ఫా తల పైకెత్తి అటు చూసింది. చూస్తూనే ఉంది. గదిలో చెంచాల చప్పుడు ఆగిపోయింది.

"పర్లేదు" అంది.

బెర్నెట్ ఏప్రను అంచుతో ముక్కు తుడుచుకుంది. మా వరకు అయిపోయింది. ఇక చెప్పడానికి ఏమీ మిగల్లేదు.

డెవన్ ఇంకా ఏదో వస్తుందని ఎదురుచూశాడు. రాలేదు. పాపం, అతనికి ఓర్ఫా మీద జాలి వేసినట్టుంది. పుస్తకం మూస్తూ, చాలా మెత్తగా అడిగాడు.

"అంతేనా అండీ?"

ఓర్ఫా ఉలిక్కిపడింది. కుర్చీ చేతులు పట్టుకుని లేచి నిలబడింది. లేస్తుందని ఎవరం అనుకోలేదు.

"కాదు" అంది. "అంతే కాదు. ఆ పుస్తకం తెరువు బాబూ, రాసుకో. థోరా నాకంటే తెలివైనది. ఈ గదిలో ఉన్న అందరికంటే తెలివైనది. కోపం తెచ్చుకోకు వెర్లిన్, నీకూ తెలుసు. ఈగలు చుట్టుముడితే అందరూ తలుపు వైపు పరిగెత్తారు, అది ఈగల వైపు నడిచింది. జన్మంతా అదే చేసింది. భయపడాల్సిన దాని దగ్గరికి వెళ్లి చెవి పెట్టి వినేది. నేను బడి హాల్లో దాని ఉపన్యాసం విన్నాను. అంత బాగా మాట్లాడిన మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. ఆ మాట దానితో చెప్పాల్సింది, పర్లేదని ఊరుకున్నా. అంతేనా అంది. అంతే కాదే థోరా. చాలా గొప్పగా ఉంది. నువ్వంటే నాకు ఎంత గర్వమో..."

అక్కడితో ఆపి కూర్చుంది.

ఎవరూ ఆమె వైపు చూడలేదు. వెర్లిన్ టోపీ లోపల ఏం రాసుందో చదువుతున్నాడు. పాస్టరు గారు దగ్గారు. వేడిగాలి పంపే యంత్రం గోడ వెనక గుయ్యిమంటోంది. ఇలాంటప్పుడు చెయ్యాల్సింది బెర్నెట్‌కి తెలుసు కాబట్టి కేకు పళ్లెం తిప్పింది. అందులో ఒక్క ముక్కే మిగిలింది. మా దగ్గర చివరి ముక్క ఎవరూ తీసుకోరు. సగం కోసుకుంటారు, తర్వాతివాళ్లు ఆ సగంలో సగం కోసుకుంటారు, చివరికి పళ్లెంలో మిగిలిన నలుసుని కడిగేస్తారు. పళ్లెం తన ముందుకి రాగానే ఓర్ఫా ఆ ముక్క మొత్తం తీసుకుని తినేసింది.

"ఇంకా ఏమైనా హద్దులు మిగిలాయా ఓర్ఫా, లేక ఈ పూటకి ఇంతేనా?" అన్నాడు వెర్లిన్.

గదంతా ఒక్కసారి నవ్వింది. ఓర్ఫా కూడా, నోటినిండా కేకుతో.

"ఒరే అబ్బాయ్" అన్నాడు వెర్లిన్ డెవన్‌తో, "నాది కూడా దిద్దుకో. గొప్ప అని పెట్టు."

"మీరన్లేదన్నారు కదండీ?"

"ఇప్పుడంటున్నాగా. ఒక్కసారే అంటాను. చెవి పెట్టి విను."

ఆ తర్వాత అందరూ దిద్దించుకోవడం మొదలుపెట్టారు. థోరా కంఠం బాగుండేదని కూడా బెర్నెట్ ఒప్పుకుంది. కారు దాకా సాగనంపుతుంటే డెవన్ నన్ను నిలేశాడు. "లోపల ఏం జరిగింది మేడమ్?" మెట్ల సంగతి, కిటికీ సంగతి అప్పుడు చెప్పాను. అతను ఆగిపోయి, "అయితే ఆ ఉత్తరాలన్నీ..." అన్నాడు.

"పొగడ్తలే. మా పాస్టరు గారిదైతే మరీ అతి అని ఊళ్లో కొందరన్నారు."

బిల్లు నెగ్గడానికి చాలా కాలం పట్టింది. చివరికి పలక వచ్చింది. చిన్నదే, ఇత్తడిది, గల్లా పక్క గోడకి బిగించారు. ఆ రోజు జనమంతా చేరి ముసుగు తీశారు. "అక్షరాలు పర్లేదు" అన్నాడు వెర్లిన్. ఓర్ఫా దగ్గరికెళ్లి, మేకుల దగ్గర అంటిన సున్నం గోటితో గీకింది. అంతే. మా చిరునామాలు మారలేదు. ఇప్పటికీ అందరం దాన్ని పోస్టాఫీసు అనే అంటాం.

మరుసటి వసంతంలో నెల్స్‌ని తీసుకుని కోడిపిల్లల కోసం వెళ్లాను. వాడికి ఐదు నిండాయి. పలక కింద బల్ల మీద జల్లెడ పెట్టెలు గుయ్యిమంటున్నాయి. వాటి పక్కన, ఏ పనీ లేకపోయినా, ఓర్ఫా. వాడు నా చెయ్యి విడిపించుకుని వెళ్లి పెట్టెకి చెవి ఆనించాడు. నేను గబుక్కున ముందుకి అడుగు వేశాను.

"మెల్లిగా నిలబడరా" అంది ఓర్ఫా. నా వైపు చూడకుండానే, "నువ్వు కూడా అమ్మాయ్" అంది.

"ఇవి చలికాలం బతుకుతాయా?" అని అడిగాడు వాడు.

"జార్జియా నుంచి వచ్చాయిరా ఇవి. చలంటే ఏంటో వీటికింకా తెలీదు." ఓర్ఫా వంగి తనూ విన్నది. లేచి కిటికీలోంచి చూసింది. "పర్లేదు."

వాడు ఆమె ముఖంలోకి చూస్తూ నిలబడ్డాడు.

"ఎవరైనా పర్లేదని ఊరుకుంటే ఏమని అడగాలో తెలుసా నీకు?" అంది ఓర్ఫా. "అంతేనా, అని అడగాలి. అడిగితేగానీ ఈ ఊళ్లో ఎవరూ చెప్పరు."

"అంతేనా?" అన్నాడు వాడు.

"కాదురా. బ్రహ్మాండంగా బతుకుతాయి."

ఆ ఈగలు బతికాయి. ఓర్ఫా ఆ చలికాలం దాటలేదు. నిద్రలోనే పోయింది. పెట్టెలో నిన్నటి పేపరు చూసి కొత్త పోస్టు మనిషి దిగి తలుపు కొట్టాడట.

అంత్యక్రియల నాడు చర్చిలో కూర్చోడానికి చోటు లేదు. పాస్టరు గారు ప్రార్థన ముగించి, కాగితం మడిచి, కళ్లద్దాలు తీసి, పక్క కిటికీలోంచి మంచు పట్టిన గట్టు వైపు చూశారు. ఎంతసేపు చూశారంటే, ఏం రాబోతోందో అందరికీ అర్థమై ఊపిరి బిగబట్టి కూర్చున్నాం.

"ఓర్ఫా డాలెన్" అన్నారాయన, "పర్లేదు."

ముందు వరుసలో ఆమె పిల్లలు తల వంచుకున్నారు. అంతకంటే పెద్ద మాట ఉండదు.

"అంతేనా?" అన్నాడు నెల్స్, బాగా గట్టిగా.

నేను వాడి నోరు మూయబోయాను. అప్పటికే తలలన్నీ మా వైపు తిరిగాయి. నా చెవులు కాలిపోతున్నాయి. వెనక వరుసలో బెంచీ కిర్రుమంది. చూస్తే, టోపీ చేత్తో పట్టుకుని వెర్లిన్ లేచి నిలబడుతున్నాడు.

"కాదురా బాబూ" అన్నాడు. గొంతు సవరించుకుని, మొదలుపెట్టాడు.